గుట్ట మీది మొక్కు జెండా

నా చిన్నప్పుడు మబ్బు కమ్మితే మా అమ్మ పెరట్లో ఆరేసిన బట్టల జోలికి పోయేది కాదు. గడపలో నిలబడి గుట్ట వైపు చూసేది. అప్పటి కోకాపేట అంటే జొన్నచేలు, రాళ్ళగుట్టలు, మేకలు. ఇప్పుడు ఆ రాళ్ళను పేల్చి అద్దాల మేడలు లేపారు. వాటి ముందు ఎత్తిన జెండాలు గాలికి చిరిగి, వానకు తడిసి, పీలికలై కర్రకు అంటుకుని వేలాడుతుంటాయి. మనవడి కారులో అటు పోయినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. దించే దిక్కు లేనప్పుడు ఎత్తడం ఎందుకు?

మా ఇంటికి ఎదురుగా కనబడే గుట్ట మీద చిన్న దర్గా ఉండేది. దాని ముందు మొక్కు జెండాలు ఉండేవి. పిల్లలు పుట్టాలని, జ్వరం తగ్గాలని, తప్పిపోయిన ఎద్దు దొరకాలని, ఊళ్ళో ఎవరికి ఏ ఆపద వచ్చినా మనవాళ్ళు, సాయెబులు అనే తేడా లేకుండా పొడుగాటి వెదురుకు పచ్చగుడ్డ కట్టి అక్కడ నిలబెట్టేవాళ్ళు. మొక్కు తీరితే రొట్టె, బెల్లం కలిపి ముద్దలు చేసిన మలీదా పంచి దించుకునేవాళ్ళు. తీరేదాకా మాత్రం మనిషి చెయ్యి దాన్ని దించకూడదని కట్టడి. గాలికి పడిపోయిందా, ఇక ఆ మొక్కు చెల్లనట్టే. అయితే ఎంత గాలివాన వచ్చి గుట్టను కనబడకుండా కమ్మేసినా, వెలిసిన తర్వాత చూస్తే జెండాలన్నీ పొడిగా, నిటారుగా ఎగురుతూనే ఉండేవి. అంతా దర్గాలోని పీరు మహిమ అని ఊరు ఊరంతా దండం పెట్టుకునేది.

మా అమ్మ ఎత్తిన జెండా మా పెద్దన్న కోసం. నిజాం సర్కారు ఉంటుందో పోతుందో తెలియక పట్నం అట్టుడికిపోతున్న రోజుల్లో అన్న కట్టెల బండి తోలుకుని అటు పోయాడు. మర్నాటికి ఎద్దులు వాటంతట అవే బండిని ఈడ్చుకుంటూ ఇల్లు చేరాయి. కట్టెలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. అన్న లేడు. నాయన తిరగని బస్తీ లేదు, చూడని దవాఖాన లేదు. ఆఖరికి వెతకడం ఆపి మళ్ళీ నాగలి పట్టాడు. అది అమ్మకు కంటగింపైంది. కొడుకు మీద ఆశ వదులుకున్న మనిషితో నాకేం మాటలని నోరు కట్టేసుకుంది. నాయనకు కంచం పెట్టడం కూడా నా చేతనే చేయించేది.

ఆ జెండా గుడ్డ అమ్మ పెళ్ళినాటి పచ్చచీర చెంగు. అంచులు రెండు వరుసలు కుట్టి తనే గుట్టెక్కి వెదురుకు కట్టి వచ్చింది. అది ఎగురుతుంటే ఆ పూట అన్నం తినేది. గాలి ఆడక వేలాడితే ముద్ద దిగేది కాదు. చిన్నదాన్నయినా నాకు కూడా అలవాటైపోయింది. పొద్దున లేస్తూనే జెండా ఎలా ఉందో చూసి, ఆ రోజు ఇంట్లో ఎంత నెమ్మదిగా నడవాలో తెలుసుకునేదాన్ని.

నిజాం సర్కారు పోయింది. గడబిడ సద్దుమణిగింది. అన్న మాత్రం రాలేదు. మరుసటి ఎండాకాలం చివర ఒకనాడు పట్టపగలే చీకటి కమ్మింది. దుమ్ము లేచి గుట్ట కనబడకుండా పోయింది. నాయన చేనులో ఉన్నాడు. అమ్మ పొయ్యి మీద ఎసరు అట్లాగే వదిలేసి పరుగు తీసింది. నేను వెంటపడ్డాను. "నువ్వెందుకే, ఇంట్ల ఉండు" అన్నదే గానీ వెనక్కి తిరిగి చూడలేదు. జెండా కర్రను వాటేసుకుని నిలబడాలని, గాలికి పడకుండా తన ఒంటితో ఆపాలని ఆమె తలపు. చుట్టూ ఉరుములు ఉరుముతున్నాయి. పిడుగు పడితే ఏమవుతుందన్న ఊహే ఆమెకు లేదు.

పైకి చేరేసరికి అక్కడ ఒక్క జెండా కూడా లేదు. కర్రలు నిలబెట్టే రాళ్ళు మాత్రం వానకు నల్లగా మెరుస్తున్నాయి.

అమ్మ బురదలో కూలబడిపోయింది. ఏడవలేదు. తన జెండా ఉండవలసిన రాతిని అరచేతులతో కొడుతూ కూర్చుంది. "అమ్మా" అని భుజం పట్టుకుంటే, పరాయి పిల్లను చూసినట్టు నన్ను చూసింది. ఆ చూపు తలుచుకుంటే నాకు ఈ రోజుకీ భయమే.

దర్గాను చూసుకునే ముసలాయన గోనెసంచి తల మీద కప్పుకుని బయటికొచ్చాడు. మేం పిల్లలం ఆయన్ను దర్గా తాత అనేవాళ్ళం. "జర లోపలికి రా బిడ్డా, పిడుగు పడతది" అంటూ అమ్మను రెక్క పట్టుకుని వెనక పంచలోకి నడిపించాడు. అక్కడ గోడ వారన వెదుళ్ళన్నీ పడుకోబెట్టి ఉన్నాయి. ఆయన ఒక పెద్ద కుండ మూత తీసి, వేపాకుల మధ్య నుంచి మా అమ్మ జెండాను తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. చుక్క తడి లేదు.

అమ్మ దాన్ని ముఖానికి అదుముకుంది. తర్వాత తలెత్తింది. "నువ్వు దించినవా? మొక్కు తీరకుండనే దించినవా తాతా?"

"నేనే దించిన. గాలి లేస్తే దించుత, వెలిస్తే మల్ల ఎక్కిస్త. ఎప్పటి సంది గిదే పని. గీ గాలికి ఇడిసిపెడితే గుడ్డ ఆగుతదా, కర్ర ఆగుతదా?"

వాన ఆగేదాకా ఆయన ఆ పని సంగతులు చెబుతూనే ఉన్నాడు. రెండు రాళ్ళ నడుమ కొట్టిన చెక్కమేకు లాగితే కర్ర తనే వంగుతుందట. నూలు తాడు తడిస్తే బిగుసుకుని వెదురును విరిచేస్తుంది కాబట్టి మబ్బు చూడగానే వదులు చేయాలట. కర్ర మొదలు నానకుండా, చెద పట్టకుండా ఆముదం పూయాలట. తడి గుడ్డను ఎప్పుడూ మడత పెట్టకూడదట.

"మరి ఊరోళ్ళకు చెప్పవేంది?" అని అడిగింది అమ్మ.

"చెప్తే ఇగ దేన్ని పట్టుకొని బతుకుతరు బిడ్డా?"

నేను ఊరుకోకుండా కుండలోకి తొంగి చూశాను. అడుగున తెల్లగుడ్డలో విడిగా చుట్టిన జెండా ఒకటి కనబడింది. ఎవరిదని అడిగాను. తాత వంగి ఆ చుట్టను సర్దాడు.

"నా కొడుకుది" అన్నాడు. వాడు కూడా ఆ గడబిడలోనే కనబడకుండా పోయాడట. "అందరివీ దించిన. నాదొక్కటి దించనీకి చెయ్యి రాలే. నా మొక్కు గదా, భయమైంది. గాలికి కర్ర విరిగింది. ఊరోళ్ళు చూడకముందే తీసి దాచిన గని, విరిగిన కర్రను చూసి నా ముసల్ది మంచం పట్టింది, మల్ల లేవలే. ఆమె పోయినంక ఓ మనిషి కబురు తెచ్చిండు. కర్ర విరిగిన నాడు పిల్లగాడు బతికే ఉండెనట. జ్వరమొచ్చి తర్వాత ఎప్పుడో పోయిండట." కుండ మీద మూత పెట్టి మళ్ళీ అన్నాడు. "కర్రకూ పిల్లగాని పానానికీ ఏం లంకె లేదు బిడ్డా. చినిగిన గుడ్డ చూసేటోళ్ళ పానమే తీస్తది. గందుకే ఇప్పుడు ఒక్కటి ఇడువకుండ దించుత."

ఆ పంచలో మేము ముగ్గురం ఉన్నాం. అమ్మ అప్పుడు ఏడ్చింది. అన్న తప్పిపోయిన తర్వాత ఆమె గొంతెత్తి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. తన కొడుకు కోసం ఏడ్చిందో, ఆ ముసలమ్మ కోసం ఏడ్చిందో నాకు తెలియదు.

వాన వెలిసింది. తాత చెక్కమేకూ సుత్తీ అమ్మ చేతికిచ్చి, నీది నువ్వే ఎక్కించుకో అన్నాడు. ఆమె కర్ర నిలబెట్టి, మేకు కొట్టి, తాడు బిగించింది. మేము దిగి వచ్చేసరికి నాయన తడిసి ముద్దయి, మా కోసం వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అమ్మ ఆయన ముందు ఆగింది. "లోపలికి రా, అన్నం పెడుత" అన్నది. నాయన తల మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన కూడా తన ఆశను దించి దాచుకున్నాడే గానీ పారేయలేదని అమ్మకు ఆ రోజు అర్థమైందని నేను అనుకుంటాను.

అన్న రాలేదు. దర్గా తాత పోయిన తర్వాత ఊరి జెండాలన్నీ అమ్మే దించేది, అమ్మే ఎక్కించేది. ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. కాళ్ళు చచ్చుబడి మంచాన పడ్డాక ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాను, జెండానూ దించి తెచ్చాను. పోయే ముందు రోజు పెద్దవాన. ఎవరినీ గుర్తుపట్టని అమ్మ ఆ చప్పుడుకు కళ్ళు తెరిచింది.

"జెండ దించినవా బిడ్డా?"

"దించిననమ్మా."

"తడిసెనా?"

"తడవలే."

"ఎండొస్తే ఎక్కియ్యి" అని కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత గుట్టే లేకుండా పోయింది. జెండా నా ట్రంకుపెట్టెలో ఉంది. ఏటా వానలకు ముందు తీసి నీడన పరిచి, కుట్లు చూసి, వేపాకు మార్చి మళ్ళీ పెడతాను. అన్న ఉంటే నూరేళ్ళకు దగ్గరపడి ఉంటాడు. మా పిల్లలు పెద్దమామ ఎప్పుడు పోయాడని అడుగుతుంటారు. పోయాడని నేను ఏనాడూ అనలేదు. జెండా దించి ఉంది, అంతే అంటాను.