చేపల కుండ నేనివ్వను

మా ఆయన పోయిన కబురు నాకు ల్యాబ్ నుంచి ఫోన్‌లో వచ్చింది. పొద్దున్నే టీ తాగి, సర్కండాలోని మా ఇంటి నుంచి స్కూటర్ మీద కాలేజీకి వెళ్లిన మనిషి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. ఎదురుగా బల్ల మీద కుండ పెంకులు. ఆఖరి క్షణంలో కూడా ఆయన పక్కన ఉన్నది నేను కాదు, అవే. ఏడుపుతో పాటు ఒళ్లు మండింది. అబద్ధమెందుకు చెప్పాలి?

ఆయన కెమిస్ట్రీ చెప్పేవారు. ప్రాణమంతా మాత్రం తవ్వకాల్లో దొరికిన పాత పెంకుల మీదే. మట్టికుండలో వండితే కూరలోని కొవ్వు కుండ గోడలోకి ఇంకిపోతుందని, కడిగినా పోదని, వేల ఏళ్లు అలాగే ఉంటుందని చెప్పేవారు. పెంకును కాస్త పొడి చేసి, ఏదో ద్రావకంలో నానబెట్టి, మిషన్‌కిస్తే అందులో పాలు కాచారో చేప వండారో తెలుస్తుందట. అది తేలిన రోజు ఆయన ముఖం చూడాలి. కాళ్లు కడుక్కోకుండానే మొదలెట్టేవారు. "ఆవిడ పాలకుండలో చేప వండలేదే. ఎంత పద్ధతైన మనిషో."

ఆవిడట, ఆవిడ. ఎప్పుడో రెండు వేల ఏళ్ల కిందటి మనిషి. పేరు లేదు, ముఖం లేదు. ఆవిడ మీద ఉన్నంత కుళ్లు నాకు మా తోటికోడలి మీద కూడా లేదు. అన్నం కంచం ఠపీమని పెట్టేదాన్ని. ఆయనకి వినబడేది కాదు. రాత్రి ఏం కూర తిన్నారో పొద్దున అడిగితే తడుముకునేవారు.

ఓసారి ఉండబట్టలేక అడిగాను. "ఏటండీ, ఆవిడ పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో మీ మిషన్ చెప్తాదేటి?"

ఆయన నిజంగానే ఆలోచించి, "ఉప్పు నిలవదే. కొవ్వే మిగుల్తాది" అన్నారు. చూశారా, ఆవిడకి వంక పెట్టడానికే వీల్లేదు. నా పులుసుకి ఆ అదృష్టం ఏదీ?

పైగా ఆవిడ కోసం నేను వండాలి. పాత పెంకులతో పోల్చి చూడ్డానికని గతౌరా వైపు కుమ్మరి దగ్గర కొత్త కుండలు తెచ్చారు. ఒకదాంట్లో పాలు, ఒకదాంట్లో మేకమాంసం, ఒకదాంట్లో చేప. ఒక కుండలోది ఇంకో కుండలో పడకూడదు. కుండ చేతికి అలవాటు పడేసరికి ల్యాబ్‌కి పట్టుకుపోయి పగలగొట్టేవారు. పాలదీ మాంసందీ అలాగే పోయాయి. చేపల కుండకి మాత్రం ప్రతి ఆదివారం ఒకటే మాట. "ఇంకా అవలేదే. వచ్చే వారం కూడా వండు." ఈ హిందీ ఊళ్లోనే, రైల్వే క్వార్టర్లో మా అమ్మ దగ్గర నేర్చుకున్న పులుసు అది. నా చెయ్యి బాగోక ఆయన పరీక్ష కుదరట్లేదేమో అనుకునేదాన్ని.

దినాలకి బొబ్బిలి నుంచి వచ్చిన మా ఆడపడుచు ఆ కుండ చూసి, మైల కుండ ఇంట్లో ఉంచకూడదు, పడేయమంది. చావు జరిగిన ఇంట్లో మట్టికుండలు ఉంచకపోవడం మావాళ్ల పద్ధతి. అదే రోజు ఆయనతో పనిచేసిన మేడమ్ పరామర్శకి వచ్చి, ఆ కుండ ల్యాబ్‌కి ఇస్తారా అని మొహమాటంగా హిందీలో అడిగింది. ఇంకా వండాలని ఆయన అనేవారే అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. నాలుగైదు సార్లు వండితే చాలట. ల్యాబ్‌వాళ్లు ఏడాది నుంచీ తెమ్మంటున్నారట. సారే ఏదో ఒకటి చెప్పి వాయిదా వేసేవారట.

అంటే ఆ ఆదివారాలు ఆవిడవి కావు, నావి. ఆ ముక్క నోరు తెరిచి నాతో అంటే ఏం పోయేదో మహానుభావుడికి. వంటింట్లోకి వెళ్లి కుండని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.

ల్యాబ్‌కి ఇవ్వలేదు. పడెయ్యలేదు. పెరట్లో నేనే గొయ్యి తీసి, బోర్లించి పాతిపెట్టాను. ఆయన తిన్న ఆఖరి పులుసు దాని గోడల్లో ఉంది. ఉండనీ. ఎప్పటికో ఎవరో తవ్వి తీస్తారు. ఇంటికెళ్లి, కాళ్లు కడుక్కోకుండానే, ఈవిడ ఒక్క కుండలోనే ఎన్నిసార్లు చేప వండిందో అని పొగడ్డం మొదలెడతారు.

అప్పుడు వాళ్లావిడ కంచం ఠపీమని పెట్టాలి.