కొట్టివేతల టీచరమ్మ

ట్యూషన్ చెప్పడానికి ఏ అర్హత కావాలని అడిగితే ఊరికో జవాబు వినిపిస్తుంది. మిర్యాలగూడలో డిగ్రీ చాలన్నారు, సూర్యాపేటలో బీఎడ్ ఉండాలన్నారు. కోదాడలో ట్యూషన్ సెంటర్ నడిపే చిరంజీవికి మాత్రం నోటుపుస్తకం శుభ్రంగా ఉంటే చాలు. శనివారం తల్లిదండ్రులు వచ్చి పుస్తకాలు తిరగేస్తారు. చాలామందికి చదువు రాదు. అన్నీ టిక్కులుంటే సంతోషంగా వెళ్లిపోతారు. అందుకే టీచర్లు శుక్రవారమే తప్పులన్నీ చెరిపించి, సరైనవి బోర్డు మీద రాసి పుస్తకాల్లోకి ఎక్కించేస్తారు.

స్వర్ణ ఎక్కించదు. ఆమెది మిర్యాలగూడ, బీఎస్సీ లెక్కలు, బీఎడ్ లేదు. ఆ సెంటర్‌లో ఆరేళ్లుగా చెబుతోంది. ఆమె క్లాసులో తప్పును చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, కిందే మళ్లీ చేయాలి. పలకల రోజుల్లో మా తరం ఉమ్మితో తుడిచేసి, ఎక్కడ తప్పామో ఆ తుడుపుతోనే మరిచిపోయేది. తప్పు ఆనవాలు దాచుకోవడం చదువులో సగమని ఇన్ని ఊళ్లు తిరిగాక నాకు తెలిసింది.

ఒక శనివారం నడిగూడెం నుంచి జంగయ్య వచ్చాడు. సూర్యాపేట మార్కెట్‌లో హమాలీ. ఎనిమిదో తరగతి చదివే కూతురు కృప పుస్తకం తెరిచి మండిపడ్డాడు.

"గీ కొట్టుడేంది టీచరమ్మా? మా పిల్ల గింత మొద్దా?"

"కూసో అన్నా. నువ్వే ఒక లెక్క సెప్పు."

జంగయ్య తన మార్కెట్ లెక్కే వేశాడు. "అరవై బస్తాల వడ్లు. సంచితోని ఒక్కోటి నలభై ఒక్క కిలోలు. ఖాళీ సంచి కిలో. వడ్లెన్ని?"

కృప గబగబా రెండువేల నాలుగువందల అరవై అని రాసి, పైకి చదివింది.

జంగయ్య నవ్వాడు. "సంచి గూడ వండుకొని తింటవా బిడ్డా?"

కృప నాలుక కరుచుకుంది. ఒక గీత కొట్టి, కింద రెండువేల నాలుగువందలు వేసింది. జంగయ్య రెండు అంకెలనూ మార్చి మార్చి చూశాడు. పుస్తకం మూసి కూతురి చేతిలో పెట్టాడు.

జంగయ్య మండిపడటం విన్న చిరంజీవి మాత్రం ఊరుకోలేదు. "మేడమ్, వచ్చే శనివారానికి అన్నీ శుభ్రంగా రాయించండి. లేదంటే మానేయండి. బీఎడ్ లేనివాళ్లకి బయట ఎవరిస్తారు ఉద్యోగం?"

"రాయించ సార్. పిల్లకు రాని లెక్క వచ్చిందని తల్లిదండ్రులకు చెప్పుడు నా పని కాదు. ఏది రాలేదో చెప్పుడు నా పని."

మరుసటి శనివారం ఆమె కొట్టివేతలున్న పేజీలే తెరిచి బల్ల మీద వరుసగా పరిచింది. చిరంజీవి వాటిని మూయబోతే, పుస్తకాల మీద చెయ్యి వేసి నిలబడింది. ఇద్దరు తల్లులు గొణుక్కుంటూ పిల్లలను తీసుకుపోయారు. సాయంత్రానికి ఆమె ఉద్యోగం పోయింది.

ఇప్పుడు నడిగూడెంలో, జంగయ్య పిలిచి చోటిచ్చిన ఇంటి వసారాలో స్వర్ణ ముందు పదకొండు మంది పిల్లలు కూర్చుంటున్నారు. మొదటి రోజే వెంకన్న అనే రైతు గడపలో నిలబడి అడిగాడు. "బీఎడ్ లేదంట గదమ్మా. ఏం సూసి పంపాలె?"

"లేదు పెద్దయ్యా. సీటుకు పరీక్ష రాస్తున్న. రోజూ వచ్చి వెనక కూసో. నాకు రాదనిపిస్తే అందరి ముందే నన్ను లేచి పొమ్మను."

వెంకన్న చెప్పులు విడిచి, పిల్లల వెనక చాప మీద కూర్చున్నాడు. స్వర్ణ పాఠం మొదలుపెట్టింది.