రేణుకకు రెండో చుక్క

రాయచూరు జిల్లాలో కాలువ కింది ఒక తాలూకాకు నన్ను సీనియర్ హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేసింది కొవిడ్ పని సద్దుమణిగిన తర్వాతి వేసవిలో, కాలువకు నీళ్లు ఆపేసిన నెలలో. తాలూకా పేరు చెప్పను. ఇందులో తప్పు నాది, తాలూకాది కాదు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఆంధ్ర రైతులు కట్టుకున్న క్యాంపులో వరి పండించిన మనిషి. నేను పుట్టిందీ, చదివిందీ, ఉద్యోగం వెలగబెట్టిందీ ఈ జిల్లాలోనే. ఇక్కడి మనుషుల గురించి నాకు తెలియనిదేమీ లేదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

చేరిన వారానికే మా పై అధికారి, అంటే తాలూకా ఆరోగ్యాధికారి అయిన డాక్టరమ్మగారు, నన్ను పిలిచి ఒక పని అప్పజెప్పారు. కాన్పు కష్టమయ్యే ప్రమాదమున్న గర్భిణులందరినీ ఆన్‌లైన్ మ్యాపు మీద చూపించాలి. ప్రతి గురువారం జరిగే సమీక్షలో దాన్ని గోడ మీద వేసి, ఎవరు ఎక్కడున్నారో అందరం చూడాలి. అప్పటిదాకా ఆ వివరాలు ఇరవై రిజిస్టర్లలో ఉండేవి. ఎవరి రిజిస్టరు వాళ్ల చంకలో.

పని చెప్పుకుంటే సులువే. ఊళ్లో ఆశా కార్యకర్త గర్భిణి ఇంటి గుమ్మం ముందు నిలబడి ఫోన్లో ఆ చోటుకు గుర్తు పెట్టి పంపుతుంది. దానితోపాటు తాయి కార్డు నంబరు వస్తుంది. గర్భిణిగా నమోదైన ప్రతి స్త్రీకీ కర్ణాటకలో ఇచ్చే కార్డు అది. నేను వాటన్నిటినీ ఒక పట్టికలో, మనిషికి ఒక వరుస చొప్పున పేర్చి మ్యాపులోకి ఎక్కించాలి. హిమోగ్లోబిన్ ఏడు గ్రాములకు తగ్గితే ఎర్ర చుక్క, ఏడుకూ పదికీ మధ్య ఉంటే పసుపు చుక్క. చుక్క మీద నొక్కితే కార్డు నంబరు, నెలలు, చూసే నర్సు ఫోను కనిపిస్తాయి. పేర్లు మాత్రం మా కార్యాలయం దాటి పోవు.

మొదటి గురువారం ఆ మ్యాపు గోడ మీద వెలిగినప్పుడు, అబ్బ, నా సంబరం ఏం చెప్పను! కాలువ పొడవునా పసుపు చుక్కలు, కాలువ చివరి ఊళ్లలో గుంపుగా ఎర్ర చుక్కలు. నీళ్లందని పొలాలున్న చోటే నెత్తురు తక్కువైన ఆడవాళ్లూ ఉన్నారని ఒక్క చూపులో తెలిసిపోయింది. ముప్పై ఏళ్లు రిజిస్టర్లు తిరగేసినా నాకు ఆ సంగతి కనిపించలేదు. ఆ వారమే ఐరన్ సూదిమందు ఆ ఊళ్లకు ముందుగా పంపారు. ఆ పనిముట్టు మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఇక తప్పు సంగతి. కొవిడ్ రోజుల్లో ఒకే మనిషి పేరు రెండేసి సార్లు ఎక్కి జాబితాలన్నీ కంగాళీ అయ్యాయి. ఆ దెబ్బ తిన్నవాణ్ని గనక నేనొక కచ్చితమైన నియమం పెట్టాను: ఒక కార్డు నంబరుకు ఒకే చుక్క. రెండో వరుస కనిపిస్తే తీసేయడమే. అందరూ సరేనన్నారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు శరణమ్మ ఒక్కతే ప్రతివారం రేణుక అనే అమ్మాయికి రెండు వరుసలు పంపేది.

శరణమ్మ కాలువ చివరి ఊరి ఆశా కార్యకర్త. పదేళ్ల అనుభవం, గట్టి గొంతు. రేణుకకు తొలి కాన్పు, ఎర్ర చుక్క. మొదటి వరుస మా తాలూకాలోనే ఉంది. రెండోది ఎక్కడో కవితాళ దగ్గర, మా తాలూకా హద్దు అవతల పడింది. ఫోను చేతకాక ఏదో నొక్కిందనుకుని తీసేశాను. మరుసటి వారం మళ్లీ వచ్చింది. మళ్లీ తీసేశాను. మూడోసారి నాకు ఒళ్లు మండి ఫోన్ చేశాను.

"ఏవమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి? మనిషొక్కతే అయితే రెండు చుక్కలెందుకు?"

"మనిషి ఒక్కతే సార్, గనీ ఇండ్లు రెండున్నయి గదా. జర ఇనండి..."

నేను వినలేదు. నియమం నియమమేనని ఫోన్ పెట్టేసి, ఆ వరుసా తీసేశాను.

మూడు వారాల తర్వాత, ఒక పొద్దున పదిన్నరకు, శరణమ్మే ఫోన్ చేసింది. రేణుకకు నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. ఆ నెత్తురుతో ఇంట్లో కాన్పయితే మనిషి దక్కదు. రక్తం నిల్వ ఉండే తాలూకా ఆసుపత్రికి చేర్చాలి. "బండి జల్ది పంపియ్యండి సార్, ఆమె యాడుందంటే..." అంటోంది. "చుక్క ఉందమ్మా, ఊరి పేరుతో పనిలేదు" అని ఫోన్ పెట్టేసి, మ్యాపులోని ఆ చుక్కను అంబులెన్సు డ్రైవరుకు పంపించాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నవాడికీ నాకూ ఏం తేడా?

అరగంటకు డ్రైవరు ఫోన్ చేశాడు. ఇంటి ముందు మిరపకాయలు ఆరబోస్తున్న రేణుక అత్తగారు అతన్ని వింతగా చూసి, "ఏంది తమ్మీ, గిట్లొచ్చినవ్? కోడలు యాడుంటది ఇంట్ల? ఏడో నెలల్నే తల్లిగారింటికి వొయ్యింది. తొలికాన్పు గదా" అన్నదట.

తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుందని నాకు తెలియదా? మా ఆవిడ వెళ్లలేదా, మా చెల్లెలు రాలేదా? ఏడో నెల రాగానే గాజులు తొడిగి, చీర పెట్టి తీసుకెళ్లడం ఇక్కడి ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. పట్టిక ముందు కూర్చోగానే ఆ సంగతి నా బుర్రలోంచి ఎగిరిపోయింది. కవితాళ దగ్గరి ఆ చుక్క రేణుక తల్లి ఇల్లు, శరణమ్మ అక్కడిదాకా వెళ్లి గుర్తు పెట్టింది. దాన్ని మూడుసార్లు తీసేసింది నా చెయ్యి.

శరణమ్మకు ఫోన్ చేశాను. ఆమె అప్పటికే తాలూకా ఆసుపత్రిలో ఉంది. తర్వాత తెలిసింది: నేను మొదటిసారి వరుస తీసేసిన నాడే, అవతలి ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి రేణుక వివరాలన్నీ చెప్పి రాయించింది. ఆ పొద్దున నేను ఫోన్ పెట్టేయగానే ఆమెకే చేసింది. ఆ ఊరామె రేణుకను, రేణుక మేనమామ టంటం బండిలో పరుపు వేసి పడుకోబెట్టుకుని, పక్కన కూర్చుని బయలుదేరింది. మూడు చక్రాల సరుకుల బండి అది. ఈలోపు శరణమ్మ రేణుక మొగుణ్నీ మరిదినీ ఇంటికి కూడా పోనీకుండా పనిచోటు నుంచే రక్తం ఇవ్వడానికి వెంటబెట్టుకుని ఆసుపత్రికి చేరింది.

నేను పరుగున వెళ్లేసరికి టంటం బండి వచ్చి పావుగంటయింది. రేణుక ముఖం తెల్లటి సున్నం గోడలా ఉంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లికి సాయంత్రం దాకా రక్తం ఎక్కుతూనే ఉంది. ఇంకో గంట ఆలస్యమైతే నేనేమీ చెయ్యగలిగేదాన్ని కాదని డాక్టరమ్మగారు నాతో కన్నడంలో మెల్లగా అన్నారు. అరిచినా బాగుండేది.

వరండాలో శరణమ్మ రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఆ పూట ఆమెకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. నా బండి కోసం ఎందుకు ఆగలేదమ్మా అని అడిగాను.

"సార్ చుక్క ఉందన్నరు. మీ తాన ఏ చుక్క ఉందో నాకెరికే గదా" అంది. రిజిస్టరు తెరిచి, "నాలుగోసారి పంపిస్త. ఇప్పుడన్నా ఉంచుతరా?" అంది.

ఆ గురువారం సమీక్షలో నా కుర్చీ పక్కన శరణమ్మను కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను. పట్టికలో అత్తింటి చోటు, పుట్టింటి చోటు, వెళ్లే నెల అని మూడు గడులు కొత్తగా పెట్టాం. అవి ఎలా నింపాలో మిగతా ఆశా కార్యకర్తలకు శరణమ్మే నేర్పింది. నెల రాగానే చుక్క అత్తింటి నుంచి పుట్టింటికి మారుతుంది. అలా మార్చిన మొదటి వారం చూద్దుము గదా, ఎర్ర చుక్కల్లో చాలా భాగం హద్దు దాటి పక్క తాలూకాలకు వెళ్లిపోయాయి. బయటి నుంచి మనకు వచ్చినవీ అంతే. డాక్టరమ్మగారు పక్క తాలూకాల అధికారులతో మాట్లాడి, మ్యాపును అందరికీ కలిపి ఒక్కటే చేయించారు.

మ్యాపు తనకిచ్చింది దాచకుండా చూపిస్తుంది. తీసేసింది చూపించలేదు. నేను పదవీ విరమణ చేసిన రోజు, నా తర్వాత వచ్చినాయనకు అప్పగింత కాగితం ఇచ్చాను. అందులో పాస్‌వర్డుల కంటే పైన ఒక్క నియమం రాశాను: ఒకే కార్డు నంబరుకు రెండో వరుస వస్తే, తీసేసే ముందు పంపినామెకు ఫోన్ చెయ్యాలి, ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా ఫోన్ పెట్టకూడదు.