పగిలిన అద్దంలో షమీమ్ ఫోటో

2024 వేసవి. ఆత్మకూరు కోర్టు ఎదురుగా ఉన్న నా లాయరు ఆఫీసుకు ఉదయగిరి నుంచి షమీమ్ వచ్చింది. చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పని ఆమెది. భర్త ఖాదర్ కువైట్‌లో డ్రైవర్. ఎవరో ఆమె ఫోటోతో ఫేక్ ప్రొఫైల్, అంటే ఆమె పేరుతో దొంగ ఖాతా తెరిచి, మగవాళ్లకు పిచ్చి సందేశాలు పంపుతున్నారు. వీధిలో వెకిలి నవ్వులు మొదలయ్యేసరికి ఆమె గడప దాటడం మానేసింది. ఆ రోజు నా దగ్గరికే బయటికొచ్చింది.

ఫోటో పెద్దది చేసి చూశాను. ఉలి పట్టుకుని హాయిగా నవ్వుతోంది. బొమ్మకు అడ్డంగా సన్నని గీత ఒకటి.

"ఇది ఎవరికి పంపినావమ్మా?"

"మా ఆయనకొక్కడికే మేడమ్. ఆయన ఫోన్ అద్దం పగిలి ఉండాది. ఆ గీత అదే."

అంటే ఖాదర్ ఫోన్‌లోని బొమ్మను పక్కనున్నవాడెవడో ఇంకో ఫోన్‌తో తీశాడు. షమీమ్ భర్తకు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. వీడియో కాల్‌లో ఖాదర్ మండిపడుతున్నాడు.

"నా రూమ్‌లోనోడే మేడమ్. నిలదీస్తే తమాషాకి చేసినానన్నాడు. వాణ్ణి మన ఉదయగిరోళ్ల గ్రూపులో అందరూ వినేట్టు బూతులు తిడతా!"

మా వైపు తప్పు చేసినవాణ్ణి నడివీధిలో నిలబెట్టి తిడితేనే సగం తీర్పు అయినట్టు. ఖాదర్ ఆ వీధిని వాట్సాప్‌లోకి తెస్తున్నాడు. దొంగ ఖాతా తెరవడం రెండు దేశాల్లోనూ నేరమే, ఫోన్‌లో బూతులు తిట్టినా రెండుచోట్లా చిక్కే. తేడా ఆ తర్వాత వస్తుంది. ఇక్కడ తిట్టినవాడు బెయిల్ తెచ్చుకుని ఇంటికొచ్చి కాఫీ తాగుతాడు. అక్కడ పరాయి దేశం వాడికి శిక్షతోపాటు డిపోర్టేషన్, అంటే దేశం నుంచి పంపించేయడం కూడా పడొచ్చు.

"నువ్వు తిడితే ఫిర్యాదు చేసేది వాడు, ముద్దాయివి నువ్వు," అన్నాను. "ఆ ఉద్యోగం మీద ఆశ ఉంటే నోరు మూసుకో."

"అట్లయితే మీరే ఏదో ఒకటి చేయండి. ఆమె పేరు మాత్రం స్టేషన్ కాగితాల్లోకి రాకూడదు. పరువు పోతాది."

అదెలా కుదురుతుంది? ఫోటోలోని మనిషి చెప్పకుండా కేసు నిలబడదు. అక్కడి చట్టం ఇది, ఇక్కడి సెక్షన్ అది అని ఖాదర్‌కు ఓపిగ్గా వివరిస్తూ పోయాను. షమీమ్ చెయ్యి చాచి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"మీరిద్దరూ రెండు దేశాల సంగతి మాట్లాడతా ఉండారు. నా మొహం ఇంకా ఆ దొంగ ఖాతాలోనే ఉండాది. అది ఊరంతా తిరగతా ఉంటే పోని పరువు, నా పేరు రాస్తే పోతాదా?"

నేను సెక్షన్లు ఆపి ఆమె వైపు తిరిగాను. ఆ మాట అనడానికి ఆమె ఎన్ని రాత్రులు మథనపడిందో.

ముందు ఆ ఖాతా లింకు, స్క్రీన్‌షాట్లు సాక్ష్యంగా దాచిపెట్టాం. ఆ తర్వాత ఖాతా తీసేయమని ఆ యాప్ కంపెనీకి, నేరంపై సైబర్ పోలీసులకు షమీమ్ పేరుతోనే ఫిర్యాదులు పెట్టాం. ఖాతా పోయింది. ఖాదర్ రూమ్ మారి, తిట్టాలనుకున్నవన్నీ దిగమింగుకుని, అక్కడి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. అది ఇంకా నడుస్తోంది. షమీమ్ మళ్లీ వాకిట్లో కూర్చుని చెక్కుతోంది.

ఇలాంటి కేసుల్లో ఇప్పటికీ ఒక ఆడమనిషి వెంట నలుగురు మగవాళ్లు వస్తారు, నలుగురూ మాట్లాడతారు. వాళ్లను బయట బల్ల మీద కూర్చోబెట్టి తలుపు వేస్తాను. సెక్షన్లు తీయకముందే ఫోటోలోని మనిషిని అడుగుతాను: "నీకేం కావాలమ్మా?"