మస్టర్ పడని మనిషి

భూపాలపల్లి బొగ్గుబాయిలో మస్టర్, అంటే హాజరు లెక్క ఒక కంప్యూటర్‌లో, బాయిలోకి దిగేవాళ్లు దీపాలు తీసుకునే గది లెక్క ఇంకొకదాంట్లో, గాలి ఫ్యాన్ల లెక్క మరోదాంట్లో ఉండేవి. ఎవరి గోల వారిది. ఆ మూడింటినీ ఒక తెర మీదికి తెచ్చింది కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసే రేణుక. ఆ లెక్కలు చూసే ముగ్గురు అధికారులూ ఆ తెర చూసి కలిసే ఏదైనా తేల్చాలని కంపెనీ హుకుం. దీపం ఒకటి చెప్పి మస్టర్ ఒకటి చెబితే దేన్ని నమ్మాలి? మస్టర్‌నే అని రాసిందామె. దీపం మరమ్మతుకూ పోతుంది, మస్టర్ పడాలంటే మనిషి రావాల్సిందే కదా! పడిన మస్టర్‌ను ఎవరూ తీసేయకుండా కట్టుదిట్టం కూడా చేసింది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. నీళ్లు తోడే పంపు నడిపే ఆమె తండ్రి సమ్మయ్య మాత్రం సమ్మె శిబిరంలో అందరినీ ఒప్పించి, మస్టర్ లేకుండా దీపం తీసుకుని రోజూ బాయిలోకి దిగేవాడు.

"బాయిల నీళ్లు నిండితే రేపు తెలంగాణ వచ్చినంక పనేడుంటది? జీతం వద్దు, మస్టర్ వద్దు. నేను సమ్మెలనే ఉన్న" అనేవాడు.

ఒక మధ్యాహ్నం శిబిరంలో పాట సాగుతుండగా ఫ్యాన్ హోరు ఆగిపోయింది. అక్కడే కూర్చున్న రేణుక దిగ్గున లేచింది. గాలి ఆగితే లోపల విషవాయువు పేరుకుంటుంది, తండ్రి ఇంకా పైకి రాలేదు. ఆఫీసులో అడుగు పెడితే సమ్మె విరిచినట్టే. అయినా చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

"సార్, ఫ్యాన్ ఏయున్రి! మా నాయిన లోపలున్నడు!"

కొత్తగా వచ్చిన మేనేజర్ తెర చూపించాడు. లోపల ఎవరూ లేరని ఉంది.

"కరెంటు కొరతమ్మా. ముగ్గురం ఇది చూసే ఆపాం. ఇప్పుడు నేనొక్కడినే ఎలా మారుస్తాను? మిగతా ఇద్దరికీ ఫోన్ కలవడం లేదు."

రేణుకకు ఒళ్లు మండిపోయింది. ఆ తెలివి తెరకు నేర్పింది తానేనని ఇంకా మండింది. దీపాన్ని నమ్మేలా మార్చే వ్యవధి లేదు. కుర్చీ లాక్కుని తండ్రి పేరు మీద మస్టర్ వేసేసింది. తెర మీద లోపల ఒక మనిషి ఉన్నట్టు వచ్చింది. లోపల మనిషి ఉన్నాడని తెరే చెబితే ఇంకెవరినీ అడగక్కర్లేదు, మేనేజర్ ఫ్యాన్ వేయించాడు.

సమ్మయ్య తూలుతూ పైకి వచ్చాడు. తన మస్టర్ పడిందని తెలిసి గేటు దగ్గరే కూలబడ్డాడు.

"నా మస్టర్ ఎవలు ఏసిన్రు?"

"నేనే నాయినా."

"పానం పోతే పోనియ్యకపోయినవా బిడ్డా! గింతమందిల నన్నొక్కన్ని సమ్మె ఇరిచినోన్ని చేసినవ్."

రేణుక మళ్లీ లోపలికి వెళ్లింది. పడిన మస్టర్ తీసే వీలు లేకుండా చేసింది తానే. మస్టర్ లేకున్నా దీపం ఉంటే మనిషి ఉన్నట్టేనని తెరకు నేర్పింది. తర్వాత తండ్రి పేరు కింద తన మస్టర్ కూడా వేసుకుని, బయటికి వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది.

"ఒక్కనివి కాదు నాయినా" అంది.