పన్నెండు కింద నాలుగు చుక్కలు

మా అన్నయ్య ఎవరి నడుమునూ ఉన్నదున్నట్టు రాసిన మనిషి కాదు. ముప్ఫై ఏళ్ళు కటింగ్ మాస్టరుగా బతికాడు. కొలత తీసేటప్పుడు ప్రతివాడూ పుస్తకంలోకి తొంగిచూస్తాడనీ, నలభై రెండు కనిపిస్తే మొహం ముడుచుకుంటాడనీ ఆయనకు తెలుసు. అందుకని పైకి ముప్ఫై ఆరు అని చదివి, ముప్ఫై ఆరే రాసి, అంకె మీద ఆరు చుక్కలు పెట్టేవాడు. చుక్కకో అంగుళం కలుపుకోవాలి. బక్కపల్చటి వాళ్ళ ఛాతీకి దీన్ని తిరగేసేవాడు. అంకె పెద్దది రాసి, కింద చుక్కలు. చుక్కకో అంగుళం తీసెయ్యాలి. బట్టలు మాత్రం ఒంటికి అతికినట్టు వచ్చేవి.

ఈ లెక్క ముగ్గురికే తెలుసు. ఆయనకు, కాజాలు కుట్టే మా వదినకు, ఆ కొట్లో గుడ్డముక్కల మీద కూర్చుని చదువుకున్న నాకు.

"ఎందుకన్నయ్యా ఈ దొంగలెక్క?" అని ఒకసారి అడిగాను.

"గుడ్డకి నిజం చెప్తే చాల్లేరా. మనిషి మనసు కష్టపెట్టడం దేనికి?" అన్నాడు.

కిలో పైబడిన కత్తెర ముప్ఫై ఏళ్ళు పట్టుకుంటే భుజం ఊరుకోదు. ఆపరేషన్ అయింది. నొప్పికి మాత్రలు రాశారు. ఆ డాక్టరు బల్ల మీద గడియారం, పెన్నుల డబ్బా, కేలండరు, అన్నిటి మీదా ఆ మాత్ర పేరే. డాక్టరు పేరు మాత్రం తలుపు మీద ఒక్కచోటే ఉండేది.

ఆ వస్తువులన్నీ తెచ్చిపెట్టింది మందు కంపెనీ ఏజెంటు. ఎండాకాలంలో కూడా మెడలో టై తియ్యడని మా వదిన అతనికి టైబాబు అని పేరు పెట్టింది. ఒక మాత్ర పన్నెండు గంటలు పనిచేస్తుందనీ, ఎంతకాలం వాడినా అలవాటు పడరనీ, అప్పజెప్పిన పాఠంలా ఊళ్ళో ప్రతి డాక్టరు దగ్గరా వల్లించేవాడు. అతని భుజం ఎన్నడూ నొప్పి పెట్టినట్టు లేదు. మందుల శాంపిళ్ళ సంచీ తప్ప అది మోసిందేమీ లేదు. డాక్టరు గది బయట పరిచయమై, మా అన్నయ్య దగ్గరే ప్యాంటు కుట్టించుకున్నాడు కూడా.

"ప్రతి మాత్రా ఎన్ని గంటలు పనిచేసిందో రాసుకురండి మాస్టారూ," అన్నాడు డాక్టరు.

అన్నయ్య రాసే పుస్తకం ఒక్కటే, కొలతల పుస్తకం. అందులోనే చివరి పేజీల్లో రాశాడు. మాత్ర ఎనిమిది గంటలు పనిచేసింది. ఆయన పన్నెండు వేసి, కింద నాలుగు చుక్కలు పెట్టాడు.

డాక్టరు పేజీ తిప్పి, "చూశారా, నేను చెప్పలా!" అని మురిసిపోయాడు. పక్కన టైబాబు తలాడించాడు. అద్దం ముందు కోటు నచ్చినవాణ్ణి చూసినట్టు మా అన్నయ్య వాళ్ళిద్దర్నీ చూసి నవ్వాడు.

ఇంటికొచ్చాక వదిన కడిగేసింది. "ఎనిమిది గంటలకే చెమటలు కారిపోతున్నాయే! ఆ మాట చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

"ఆయన అంత నమ్మకంగా చెప్పాక కాదని ఎలా అంటానే?"

మిగిలిన నాలుగు గంటలకీ ఇంకో మాత్ర వేసుకునేవాడు. నెల తిరక్కుండానే డబ్బా ఖాళీ. సిగ్గుపడుతూ వెళ్ళి ఆ సంగతి చెప్పాడు. డాక్టరు టైబాబును అడిగాడు. వైద్యం చదివినవాడు, సంచీ మోసేవాణ్ణి! "అది అలవాటు కాదు సార్, మోతాదు చాలట్లేదంతే," అన్నాడు టైబాబు. అలా అనడానికి వాళ్ళ దగ్గర రంగురంగుల చిన్న పుస్తకం కూడా ఉంది. మోతాదు రెట్టింపయింది. నాలుగు నెలలకి మళ్ళీ రెట్టింపు.

సుద్దగీత వంకరపోవడం మొదలైంది. ఒకే చొక్కాకి రెండు చేతులూ రెండు పొడవుల్లో కత్తిరించాడు. ఒక మధ్యాహ్నం కటింగ్ బల్ల మీద తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకుని వదిన ఇంకో మూడు కాజాలు కుట్టింది. నాలుగోదానికి ముందు పిలిచింది. అప్పటికే ఊపిరి లేదు.

కంపెనీ మీద కేసు వేశాం. పుస్తకాలు రాసేవాణ్ణి కదా అని ఫిర్యాదు నన్నే రాయమంది వదిన. మా వకీలమ్మ అందులో విశేషణాలన్నీ కొట్టేసి సగం చేసింది. కంపెనీ వాళ్ళ జవాబు నున్నటి కాగితం మీద వచ్చింది. మందులో దోషం లేదట, మనిషిలో ఉందట. సరదా కోసం మోతాదు మించి మింగాడట.

వదిన ఆ వాక్యం మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. "గెలిచినా ఓడినా నాకొకటే మరిదీ. సరదాకి అన్నారే, ఆ ముక్క కాగితం మీంచి పోవాలి. నాకంతే."

విచారణ రోజు కంపెనీ తరఫున నలుగురు వకీళ్ళు వచ్చారు. మాట్లాడింది ఒకడు, మిగతా ముగ్గురూ అతను మాట్లాడ్డం చూశారు. ఆ ఒక్కడు మా అన్నయ్య పుస్తకం తెరిచి గంభీరంగా చదివాడు. "పన్నెండు. పన్నెండు. మళ్ళీ పన్నెండు. మృతుడి చేతిరాతే అయ్యా. మందు చెప్పినన్ని గంటలూ పనిచేసింది. మరి అదనంగా ఎందుకు మింగినట్టు?"

"ఆ చుక్కలేంటి?" జడ్జిగారు అడిగారు.

"సిరా మరకలయ్యా."

మా వదిన పకపకా నవ్వింది. గది గదంతా ఆవిడ వైపు తిరిగింది.

"ఇది కోర్టమ్మా. ఎందుకా నవ్వు?"

"క్షమించండయ్యా. అవి మరకలు కాదు, మా ఆయన మర్యాద." చుక్కల సంగతంతా చెప్పింది. కంపెనీ వకీలు పెదవి విరిచాడు. కట్టుకథ అన్నాడు.

"అయితే మీ సాక్షి కొలతే చూడండి," అంది వదిన, బోనులో నిలబడ్డ టైబాబును చూపించి. "అదే పుస్తకంలో ఉంది. నడుము ముప్ఫై ఆరు, పైన ఆరు చుక్కలు. ఆయన వేసుకున్న ప్యాంటూ మాదే. కాజా నేను కుట్టిందే, దూరం నుంచే ఆనవాలు పట్టాను."

"మా సాక్షి నడుముకీ కేసుకీ సంబంధం లేదయ్యా!"

"ఉందో లేదో టేపు చెప్తుందిలెండి," అన్నారు జడ్జిగారు.

టేపు వదిన సంచీలో ఎప్పుడూ ఉండేదే. కోర్టు గుమాస్తా అందుకున్నాడు. టైబాబు పొట్ట లోపలికి పీల్చి బిగబట్టాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి కష్టపడి చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

"ఊపిరి వదలండి బాబూ," అంది వదిన. "మీకింకా ఉంది కదా, వదలండి."

వదిలాడు. నలభై రెండు.

తర్వాతి వాయిదాకి, కింద చుక్కల లెక్కకి సాక్ష్యంగా, బక్కగా ఉండే ఒక బడి పంతులు వచ్చాడు. పుస్తకంలో ఆయన ఛాతీ ముప్ఫై ఎనిమిది, కింద నాలుగు చుక్కలు. కొలిస్తే ముప్ఫై నాలుగు. అప్పుడు మా వకీలమ్మ, కోర్టు ద్వారా తెప్పించిన కంపెనీ సొంత పరీక్షల కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. మందు అమ్మకానికి రాకముందే వాళ్ళు రాసుకున్నవి. అందులో కూడా ఎనిమిది గంటలే. మా అన్నయ్య ఎదుటివాడి మొహం చిన్నబోకుండా నిజాన్ని చుక్కల్లో దాచాడు. వీళ్ళు దాచింది దేనికో వేరే చెప్పాలా? అదీగాక మా అన్నయ్య చుక్కలైనా పెట్టాడు.

తీర్పులో బాధ్యత కంపెనీదే అన్నారు. తెలిసి డాక్టర్లతో అబద్ధం చెప్పించారనీ, మందే అలవాటై మనిషిని పట్టుకుందనీ, సరదా అన్న మాట రికార్డులోంచి తొలగించాలనీ రాశారు. మర్నాడు పేపర్లో కంపెనీ వాళ్ళ సగం పేజీ ప్రకటన. రోగుల క్షేమమే మా ఊపిరి అని. మా వదిన దాన్ని మడిచి చొక్కా కాలరు నమూనా కత్తిరించింది. కాగితం మందంగా, పనికొచ్చేలా ఉందట.

పుస్తకం కోర్టు ముద్రతో తిరిగి వచ్చింది. ఇద్దరం కూర్చుని చివరిదాకా తిప్పాం. పన్నెండు కింద నాలుగు చుక్కలు, ఆరు చుక్కలు, ఏడు. ఆఖరి రోజు పేజీని ఏ వకీలూ చదవలేదు. అక్కడ పన్నెండు లేదు. మూడు అని ఉంది. పైనా కిందా చుక్క లేదు.

"ఇది చూపించడానికే వెళ్దామనుకున్నట్టున్నారు," అంది వదిన. "మర్నాడే కదా డాక్టరు రమ్మన్నది."