బతుకమ్మ ఇంట్లో మిర్చి

బతుకమ్మ భర్త కొత్తగూడెంలో బొగ్గు బావి కార్మికుడు. రిటైరయ్యాక ఖమ్మంలో మూడు గదులు కట్టి, రెండేళ్లకే కన్నుమూశాడు. ఆమె ఒక గది ఉంచుకుని తక్కినవి కిరాయికిచ్చింది. కొత్తగూడెంలో బావి సైరన్‌ను మించి మాట్లాడటం అలవాటైన గొంతు ఖమ్మం వచ్చినా తగ్గలేదు. ఆమె పిల్లిని కసిరితే పక్క వీధిలో పిల్లలు చదువుకోవడం మొదలుపెట్టేవారు.

చండ్రుగొండ నుంచి వచ్చిన ఆటో డ్రైవర్ హరిలాల్ కిరాయికి దిగిన రోజున, వెనకాలే ఎర్రటి కుక్క కూడా దిగింది. పేరు మిర్చి.

"ఇల్లు నీకిచ్చిన. కుక్కకియ్యలే," అంది బతుకమ్మ.

"ఇంట్లకు రాదు పెద్దమ్మా. ఆటోలనే ఉంటది."

అన్నట్టే మిర్చి తిండీ, నిద్రా ఆటోలోనే. కానీ హరిలాల్ అన్నానికి వచ్చినప్పుడల్లా అది బతుకమ్మ గడప వాసన చూసేది. ఆమె చీపురెత్తి, "పో! ఆటో ఎక్కు పో!" అనేది. మిర్చి వెంటనే ఎగిరి ఆటోలో కూర్చునేది.

"చూసినవా, నేనంటే ఎంత భయమో!" అని పక్కింటి కన్నమ్మ దగ్గర గొప్పలు పోయేది.

"భయం కాదొదినా. రోజూ దాన్ని పలకరించేది నువ్వొక్కదానివే," అనేది కన్నమ్మ.

ఒక ఆదివారం బతుకమ్మ చెల్లెలు సుజాత ముదిగొండ నుంచి ఆటోలో వచ్చింది. హరిలాల్ ఆటో మెకానిక్ దగ్గరుంది. మిర్చి గడపలో అడ్డంగా పడుకుంది. చెల్లెలి సంచులు లోపలికి తెస్తూ బతుకమ్మ అలవాటు కొద్దీ అరిచింది.

"పో! ఆటో ఎక్కు పో!"

ఎదురుగా ఉన్న, సుజాత దిగిన ఆటో ఎక్కేసింది మిర్చి. ఆ ఆటో కాస్తా వెళ్లిపోయింది.

మధ్యాహ్నం హరిలాల్ ఏడుపు ముఖంతో వచ్చాడు. "పెద్దమ్మా, మిర్చి యాడా కనిపిస్తలేదు."

కూర గరిటె చేతిలోనే ఉండిపోయింది ఆమెకు. "అయ్యో, నేనే ఎక్కిచ్చి పంపిన గదరా!"

సుజాత ఆ ఆటో డ్రైవర్ వీరబాబుకు ఫోన్ కలిపింది.

"జల్దీ ముదిగొండకు రాండ్రి అమ్మా," అన్నాడతను. "దిగుమంటే గుర్రుమంటున్నది. ప్యాసింజర్లంతా రోడ్డు మీదనే ఉన్నరు."

మెకానిక్‌ను తొందరపెట్టి ఆటో తెచ్చుకుని హరిలాల్, బతుకమ్మ ముదిగొండ వెళ్లారు. వీరబాబు ఆటోలో వెనక సీటంతా ఆక్రమించి పడుకుంది మిర్చి. హరిలాల్ పిలిస్తే తోక ఊపింది. బిస్కెట్ ఇస్తే తిని, మళ్లీ పడుకుంది. బతుకమ్మ ముందుకొచ్చి, "ఇంటికి పోదాం రా బిడ్డా," అంది మెత్తగా. ఆ గొంతు ఎవరిదో మిర్చికి అర్థం కాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆమె కొంగు బిగించి, హరిలాల్ ఆటో వైపు చెయ్యి చూపించింది. "పో! ఆటో ఎక్కు పో!"

మిర్చి ఒక్క గంతులో అందులో పడింది. బతుకమ్మకు సీటు అంచు మాత్రమే మిగిలింది. దారంతా ఆమె చెయ్యి దాని వీపు మీదే ఉంది. హరిలాల్ అద్దంలో చూశాడు.

ఇంటి దగ్గర మళ్లీ అదే తంతు. ఎంత పిలిచినా దిగదు. ఇంట్లోకి రమ్మని దాన్ని ఎవరూ ఎప్పుడూ పిలవలేదు మరి. చివరికి బతుకమ్మ రెండు చేతులా ఎత్తుకుంది.

"ఏం పెట్టి పెంచినవురా, బియ్యం బస్తా తీరున్నది!" అంటూ ఆయాసపడుతూ గడప దాటింది.

గోడ మీదుగా కన్నమ్మ తొంగి చూసింది. "ఏందొదినా, గృహప్రవేశమా?"

"అవ్. నీకేంది నొప్పి?"

మరుసటి వారం సూది వేయించడానికి మిర్చిని పశువుల దవాఖానాకు తీసుకెళ్లారు. ఈ కుక్క ఎవరిదని కాంపౌండర్ అడిగాడు. హరిలాల్ నోరు తెరిచేలోపే, "నాదే," అంది బతుకమ్మ.

"మరి ఇతనెవరు?"

"మా ఇంట్ల కిరాయికుంటడు. మంచి పిలగాడే."